ఊ సాన్ ఫే రెండోసారి

ఊ సాన్ ఫేకి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. దేన్నయినా రెండుసార్లు చదివితే తప్ప చదివినట్టు ఒప్పుకోడు. పుస్తకం కానివ్వండి, పెళ్ళి శుభలేఖ కానివ్వండి, దగ్గుమందు సీసా మీద చీటీ కానివ్వండి, మొదటిసారి చదవడమన్నది ఆయన లెక్కలోకే రాదు. ఈ జబ్బు ఆయన ఒంట్లోనే ఉండిపోతే భార్య డౌ ఓన్ మే ఏమీ అనుకునేది కాదు. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో ఇంతకన్నా పెద్ద జబ్బుల్నే భరించింది. కానీ ఆయన నడిపేది అద్దె పుస్తకాల షాపు. తన జబ్బుని ప్యాపోన్ ఊరందరికీ అంటిస్తానని కూర్చున్నాడు. అక్కడొచ్చింది తంటా.

ప్యాపోన్‌లో పుస్తకాలు కొనుక్కుని చదివేవాళ్ళు పట్టుమని పదిమంది లేరు. అలాగని చదవనివాళ్ళూ లేరు. రిక్షావాడి సీటు కింద ఒకటి, రేవులో రొయ్యలు ఏరే ఆవిడ బుట్టలో ఒకటి, ఎవరిని కదిపినా ఓ అద్దె పుస్తకం రాలిపడుతుంది. ఇవాళ తీసుకెళ్ళడం, రేపు తెచ్చిచ్చి ఇంకోటి పట్టుకెళ్ళడం, ఇదీ పద్ధతి. జనం గబగబా చదివి గబగబా మార్చుకోవాలనే ఏ అద్దె షాపువాడైనా కోరుకుంటాడు. ఊ సాన్ ఫే ఒక్కడే తన గుమ్మానికి బోర్డు కట్టాడు: "ఇక్కడ ఏ పుస్తకమైనా రెండుసార్లు చదవాలి. రెండోసారికి అద్దె లేదు."

ఆ గుమ్మం ముందు అరుగు మీదే డౌ ఓన్ మే సొరకాయ బజ్జీల మూకుడు. మొహం వీధికి, వీపు షాపుకి. లోపల జరిగేది ఆవిడకి కనపడదు గానీ, ఒక్క అక్షరం పోకుండా వినపడుతుంది. అదే ఆవిడ ఖర్మ.

"ఊలే, ఇదిగో నీ హత్యల నవల. ఇంకోటివ్వు," అంటూ వస్తాడు రిక్షా తొక్కే కో వా. అతనికి ఊళ్ళో పెద్దవయసు మగవాళ్ళందరూ ఊలేలు, ఆడవాళ్ళందరూ డౌడౌలు.

"రెండోసారి చదివావా?"

"మొదటిసారికే తెలిసిపోయిందిగా ఎవడు చంపాడో!"

"ఎవడు చంపాడో తెలిసింది సరే. శవం పక్కన ఏ పండు పడి ఉంది?"

"శవం పక్కన పండేంటి ఊలే? మంచం ఉంది."

"మంచం కింద దురియన్ పండు ఉంది. ఆ ఇంట్లో దురియన్ వాసన గిట్టనివాడు ఒక్కడే అని నాలుగో పేజీలోనే రాశాడు మహానుభావుడు. నువ్వు ఆ పేజీ మీంచి రిక్షా తొక్కుకుంటూ పోయావు. పట్టుకెళ్ళు, మళ్ళీ చదువు."

కో వా అదే పుస్తకం చంకలో పెట్టుకుని బయటికొచ్చాడు. "డౌడౌ, మీ ఆయన్ని ఎవరైనా చంపితే, ఎందుకు చంపారో నేను మొదటిసారే చెప్పేస్తా," అన్నాడు. డౌ ఓన్ మే అతనికి ఓ బజ్జీ ఎక్కువే వేసింది.

బట్టలు కుట్టే మ న్వే సంగతి ఇంకా ఘోరం. ఆ పిల్లకి ప్రేమ నవలలంటే ప్రాణం. చదివి, కళ్ళు వాచేలా ఏడ్చి, ఇంకోటి పట్టుకెళ్ళి మళ్ళీ ఏడ్చేది. అలాంటి పిల్లకి బలవంతంగా అదే పుస్తకం రెండోసారి అంటగట్టాడు. నాలుగు రోజుల తర్వాత మ న్వే మొహం గంటు పెట్టుకుని వచ్చింది.

"డౌడౌ, మొదటిసారి వాడి కోసం దిండు తడిసేలా ఏడ్చాను. రెండోసారి చదివితే తెలిసింది. మూడొందల పేజీల్లో వాడు ఆ అమ్మాయిని 'తిన్నావా?' అని ఒక్కసారైనా అడిగితే ఒట్టు!"

అక్కడితో ఆగితే బాగుండేది. ఆ పిల్ల ఇంటికెళ్ళి, తనకి కుదిరిన సంబంధాన్ని కూడా రెండోసారి చూసుకుంది. వాడూ ఏనాడూ అడగలేదట. సంబంధం వద్దనేసింది. మర్నాడు పొద్దున్నే పెళ్ళికొడుకు తల్లి వచ్చి మూకుడు ముందు నిలబడి గంటసేపు తిట్టింది. తిట్లన్నీ డౌ ఓన్ మేకే. ఊ సాన్ ఫే లోపలినుంచి తల బయటపెట్టి, "ఆవిడ మొదట్లో ఏదో అంది, సరిగ్గా వినపడలేదు, మళ్ళీ చెప్పమను," అన్నాడు. ఆవిడ మళ్ళీ చెప్పింది. మొదటిసారికంటే బాగా చెప్పింది.

ఇంట్లో ఏ కాగితమూ తిన్నగా బతకడానికి లేదు. మేనకోడలి పెళ్ళికి బోగలే వెళ్ళాలని తెల్లారకుండానే లేచి, పట్టు లుంగీలు కట్టుకుని, రేవులో నిలబడ్డారు. పడవ కూత పెట్టింది. సరిగ్గా అప్పుడు ఊ సాన్ ఫే జేబులోంచి శుభలేఖ తీసి రెండోసారి చదవడం మొదలుపెట్టాడు.

"ఓన్ మే, ఇది విను. తొమ్మిదింటికి పెళ్ళి అనుకున్నాం కదా? కింద చిన్నక్షరాల్లో ఉంది చూడు. తొమ్మిదింటికి భోజనాలు. పెళ్ళి ఎనిమిదింటికే."

"మహా కనిపెట్టావు. ముందు పడవెక్కు!"

"ఏ పడవ?" అని ఆయన తలెత్తేసరికి పడవ నది మధ్యలో ఉంది. వాళ్ళు బోగలే చేరేటప్పటికి అక్కడ పళ్ళేలు కడుగుతున్నారు.

చివరికి బజ్జీల పొట్లాలకీ గతి లేకుండా పోయింది. చివికిపోయిన పుస్తకాల కాగితాల్లోనే డౌ ఓన్ మే బజ్జీలు చుట్టి ఇస్తుంది. తింటున్నవాళ్ళ నెత్తి మీద నిలబడి ఈయన, "పారెయ్యకు, వెనకవైపు కూడా ఉంది," అంటాడు. ఒకరోజు పొట్లం పట్టుకెళ్తున్న స్కూలు ప్యూను వెంట రేవు దాకా పరిగెత్తాడు. ఏదో నవల్లో ఎనభై ఏడో పేజీ ఇన్నాళ్ళకి దొరికిందట. తెచ్చి అంటించాడు. ఇప్పటికీ ఆ పేజీలో ప్రేమలేఖంతా నూనె మరకే.

విచిత్రమేమిటంటే ఈ మనిషి పుట్టుకతో ఇలాంటివాడు కాడు. మూడేళ్ళ కింద దాకా ఊళ్ళో ఆయనంత గబగబా చదివేవాడు లేడు. చివరి పేజీ ముందు చదివి, మొదటి పేజీ తర్వాత చదివి, మధ్యది ఊహించుకునేవాడు. మధ్యాహ్నం కునుకు తీసేలోపు రెండు నవలలు నమిలేసేవాడు. అలాంటివాడు మూడేళ్ళ కింద, వానలు మొదలైన నెలలో, ఉన్నట్టుండి బోర్డు రాసి తగిలించాడు. మొదట్లో ఆయనకే చేత కాలేదు. పుస్తకం రెండోసారి తెరిచి, ఆముదం తాగినట్టు మొహం పెట్టుకుని కూర్చునేవాడు. నెల తిరిగేసరికి రుచి పట్టింది. ఒక పొద్దున్నే కళ్ళనీళ్ళతో మూకుడు దగ్గరికొచ్చాడు.

"ఓన్ మే, ఆ అన్నగారు ఏ పాపం ఎరగడే! ఇరవయ్యేళ్ళుగా ఆస్తి కోసం తమ్ముణ్ణి ముంచేశాడనుకుంటున్నాను. మధ్యలో నూట పన్నెండో పేజీ చదివితే తెలిసింది, ఆయన తమ్ముడి కోసం జైలుకెళ్ళాడు. ఎంతమందికి ఆ అన్నని తిట్టి చెప్పానో!"

ఆ రోజు షాపు మూసేసి పగోడాకి వెళ్ళి, పుస్తకంలో మనిషికి క్షమాపణగా కొవ్వొత్తి వెలిగించి వచ్చాడు. ఇలాంటి మొగుడితో కాపురం చేస్తున్నావా తల్లీ అని ఎవరూ డౌ ఓన్ మేని అడగలేదు, అడిగితే బాగుండునని ఆవిడకి చాలాసార్లు అనిపించింది.

అసలా నెలలో ఏం జరిగింది? ఆయన కిందపడ్డాడా, తలకేమైనా తగిలిందా? ఎంత గుర్తు చేసుకున్నా ఆవిడకి ఏమీ తట్టలేదు. ఆ నెల సొరకాయలు చవక. అంతే.

ఇలా ఉండగా బజారు మలుపులో కో జో లట్ కొత్త షాపు పెట్టాడు. "రోజుకో కొత్త పుస్తకం" అని ఎర్రక్షరాల బోర్డు. అక్కడ ఎవరూ ప్రశ్నలడగరు, పళ్ళ గురించి అసలే అడగరు. జనం అటు తిరిగారు. పుస్తకాలకి వచ్చేవాళ్ళు తగ్గితే బజ్జీలకి వచ్చేవాళ్ళూ తగ్గారు. చివరికి ఊ సాన్ ఫేకి గట్టిగా మిగిలినవాళ్ళు ముగ్గురే. పోట్లాడటానికి కో వా, పెళ్ళి మానేసిన మ న్వే, ఇంకా సయాజీ ఊ లూన్.

సయాజీ అంటే పెద్ద మాస్టారు. ఎనభై దాటిన మనిషి. ఊళ్ళో సగం మందికి అక్షరాలు దిద్దించింది ఆయనే. ఊ సాన్ ఫేకీ, డౌ ఓన్ మేకీ కూడా. రోజూ పొద్దున ఎనిమిదింటికి ఇస్త్రీ చొక్కా వేసుకుని, పచ్చట్ట పుస్తకం ఒకటి చంకలో పెట్టుకుని వచ్చి, "ఇవాళ ఏం వేయిస్తున్నావమ్మాయ్?" అని అడుగుతాడు. ముప్ఫయ్యేళ్ళుగా సొరకాయ బజ్జీలే. "సొరకాయ, సయాజీ," అంటుంది. "మంచిది," అని లోపలికెళ్ళి, కాసేపటికి పచ్చట్ట పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్ళిపోతాడు.

డౌ ఓన్ మేకి ఓర్పు నశించింది. భిక్షువుల వర్షావాసం ముగిసే తడింజూ పున్నమి ఇంకా వారం ఉందనగా మొగుడి ముందు నిలబడింది. ఊరందరికీ 'ఊ' అయినా ఆవిడకి ఆయన ఇంకా 'కో'నే.

"కో సాన్ ఫే, చెవులు పెట్టి విను. పున్నమి లోపల ఆ బోర్డు దించు. దించకపోతే పున్నమి మర్నాడు కో జో లట్ బండి పట్టుకొస్తాడు. పుస్తకాలన్నీ వాడికిచ్చేస్తా. మాట్లాడేశాను. నేను మూకుడు తీసుకుని రేవు గట్టుకి పోతా. అక్కడైనా నాలుగు బజ్జీలు అమ్ముడుపోతాయి."

"ఏదీ, మళ్ళీ చెప్పు."

ఆవిడ పళ్ళు నూరుతూ మళ్ళీ చెప్పింది.

"ఇప్పుడు అర్థమైంది," అని లోపలికెళ్ళాడు. బోర్డు మాత్రం దించలేదు.

మర్నాడు ధాన్యం మిల్లు ఊ చో వచ్చాడు. పున్నమి రోజు స్కూల్లో గురుపూజ. పాత విద్యార్థులందరూ వచ్చి, మాస్టార్లని వరసగా కూర్చోబెట్టి, దుప్పట్లూ పళ్ళూ కొవ్వొత్తులూ పెట్టి మొక్కుతారు. తర్వాత అందర్లోకీ పెద్ద మాస్టారు నాలుగు మంచి మాటలు చెప్పి దీవిస్తాడు. ఆ ఏర్పాట్లన్నీ ఊ చోవే.

"డౌ ఓన్ మే, నీకొక్కదానికే చెప్తున్నా. ఈసారి సయాజీ చేతికి మైకు ఇవ్వట్లేదు. నిరుడు ఏనుగు కథ చెప్పాడు. బాగుంది. మళ్ళీ చెప్పాడు. మూడోసారి మొదలెట్టేసరికి హాలంతా నవ్వు. ఎందుకు నవ్వుతున్నారో తెలియక ఆయన అటూ ఇటూ చూశాడు. ఆ చూపు నేను తట్టుకోలేకపోయాను."

లోపలినుంచి ఊ సాన్ ఫే వచ్చాడు. "మైకు ఇవ్వాల్సిందే."

"నీకేమైనా పిచ్చా?" అంది డౌ ఓన్ మే. "అంత పెద్దాయన్ని నలుగుర్లో నవ్వులపాలు చేస్తావా? ఊ చో చెప్పిందే సబబు."

"అందరి ముందూ కూర్చోబెట్టి, మాట్లాడనివ్వకపోతే ఆయనకి తెలియదనుకున్నావా? జనం నవ్వితే నవ్వనీ. ఎవర్ని చూసి నవ్వాలో ఆ సంగతి నేను చూసుకుంటా."

ఊ చో డౌ ఓన్ మే మొహం చూశాడు. ఆవిడ గరిటతో నుదురు కొట్టుకుంది. చివరికి, "సరే, ఏమైనా జరిగితే నీదే పూచీ," అని ఊ చో వెళ్ళిపోయాడు.

పున్నమి పొద్దున స్కూలు హాలు కిటకిటలాడింది. సయాజీని మధ్య కుర్చీలో కూర్చోబెట్టారు. మొక్కడాలు అయ్యాయి, ఒళ్ళో దుప్పట్లు గుట్టగా పేరుకున్నాయి. ఊ చో భయం భయంగా మైకు అందించాడు. ఊ సాన్ ఫే ముందు వరసలో బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు. డౌ ఓన్ మే ఆడవాళ్ళ వైపు, ఎప్పట్లాగే వెనక తలుపు దగ్గర. మొగుడి మెడ వెనక భాగం కేసి కొరకొరా చూస్తోంది.

సయాజీ గొంతు సవరించుకున్నాడు. వణుకు లేదు. పాఠం చెప్పే గొంతే.

"వరదొచ్చిన ఏడు. మన స్కూలుకి వాచకం ఒక్కటే ఉండేది. నేను చదివితే మీరందరూ చెప్పేవాళ్ళు. ఆ పుస్తకంతో పడవలో వస్తుంటే పడవ తిరగబడింది. మనుషులందరం తేలాం. పుస్తకం మాత్రం నానిపోయింది. ముద్దయిపోయిందని నా టేబుల్ కింద పడేసి, ఇంటికెళ్ళి అన్నం తినలేదు. రెండో రోజు వచ్చి చూస్తే, నా టేబుల్ మీద ఆరిపోయిన పుస్తకం. ప్రతి పేజీ విడదీసి ఆరబెట్టారెవరో. దానితో ఇంకా పన్నెండేళ్ళు చెప్పాను. పిల్లలూ, పుస్తకాన్ని కాపాడండి. అదే నా మాట."

చప్పట్లు మోగాయి. డౌ ఓన్ మే చేతులు మాత్రం ఒళ్ళోనే ఉండిపోయాయి. ఊ చో ఊపిరి పీల్చుకుని మైకు కోసం చెయ్యి చాచాడు. సయాజీ మైకు వదల్లేదు. హాలు కేసి సంతోషంగా చూశాడు.

"ఇవాళ మీకొక సంగతి చెప్తాను. వరదొచ్చిన ఏడు, మన స్కూలుకి వాచకం ఒక్కటే ఉండేది..."

వెనక వరసల్లో కిసుక్కుమన్నారు. ఎవరో దగ్గారు. నవ్వు ఒక వరస నుంచి ఇంకో వరసకి పాకింది. సయాజీ ఆగి, తలెత్తి అటూ ఇటూ చూశాడు. ఊ చో మైకు లాక్కోవడానికి లేచాడు. అంతకన్నా ముందు ఊ సాన్ ఫే లేచి నిలబడ్డాడు.

"ఊ చో, కూర్చో! అందరూ వినండి. పడవలో ఎంతమంది ఉన్నారు?"

హాలు తెల్లబోయింది.

"అడుగుతున్నా కదా! ఇప్పుడే విన్నారు. పడవలో ఎంతమంది?"

"నలుగురు," అన్నారెవరో. "ఏడుగురు," అన్నారింకెవరో. "సయాజీ అసలు చెప్పలేదు ఊలే!" అని కో వా అరిచాడు.

"చెప్పలేదా, నువ్వు వినలేదా? ఒక్కసారి వినేసి అంతా వచ్చేసినట్టు చప్పట్లు కొట్టేస్తారా? మా షాపు పద్ధతి తెలుసు కదా? సయాజీ, వీళ్ళకి రెండోసారి చెప్తే గానీ ఎక్కదు. దయచేసి మళ్ళీ చెప్పండి!"

కో వా నెత్తి పట్టుకుని, "రెండోసారీ!" అని మూలిగాడు. అంతే, హాలు హాలంతా "రెండోసారీ!" అని ఒక్క గొంతుతో మూలిగి పగలబడి నవ్వింది. ఆ ఊళ్ళో ఆ మాటతో దెబ్బతినని మనిషి లేడు. "స్కూల్లో కూడా వదలవా ఊలే!" "బోర్డు వెంట తెచ్చుకున్నావా?" అని నలువైపుల నుంచీ కేకలు. ఊ సాన్ ఫే నడుం మీద చేతులు పెట్టుకుని, ఇంకొంచెం పిచ్చివాడిలా మొహం పెట్టి, ఆ నవ్వంతా తనే తీసుకున్నాడు. సయాజీ కూడా హాయిగా నవ్వాడు. ఎప్పుడూ తరగతి ఇలాగే ఉంటుంది, ఒక్కడు మొండివాడు తప్పకుండా ఉంటాడు అన్నట్టు తలూపి, మళ్ళీ మొదలుపెట్టాడు.

ఈసారి అందరూ పడవలో మనుషుల్ని లెక్కపెట్టుకుంటూ విన్నారు. ఐదుగురు మనుషులు, ఒక బాతు. మొదటిసారి బాతు లేదు. పుస్తకం నానిపోయింది. టేబుల్ కింద పడేశాడు. రెండో రోజు ఆరిపోయిన పుస్తకం.

"పేజీ తిప్పితే సొరకాయ బజ్జీల వాసన," అన్నాడు సయాజీ. "మూకుడు సెగ మీద ఆరబెట్టారన్నమాట. తలుపు దగ్గర కూర్చునే పిల్ల ఒకతె ఉండేది. పొద్దున్నే వాళ్ళమ్మతో బజ్జీలు వేయించి, ఆలస్యంగా వచ్చి, గుట్టుగా ఆఖరున కూర్చునేది. ఏనాడూ చెయ్యెత్తి జవాబు చెప్పలేదు. ఆ మర్నాడు ఆ పిల్ల వేళ్ళకి బొబ్బలు. నేను చూశాను. అడిగితే సిగ్గుపడుతుందని అడగలేదు. పేరు గుర్తు లేదు నాకు. పేర్లన్నీ పోయాయి. ఆ వాసన మాత్రం పోలేదు. ఆ పిల్ల ఎక్కడున్నా చల్లగా ఉండాలి."

డౌ ఓన్ మే తన వేళ్ళ కేసి చూసుకుంది. నలభై ఎనిమిదేళ్ళు. ఆ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. బేరం వేళ మూకుడు పాడు చేసినందుకు వాళ్ళమ్మ వాయించిన సంగతీ చెప్పలేదు. సయాజీ ఎప్పుడూ తనని గమనించలేదనీ, చురుకైన పిల్లల్నే చూసేవాడనీ ఆవిడ ఇన్నేళ్ళూ నమ్మింది. మొదటి చప్పట్లకే ఊ చో మైకు లాగేసుకుని ఉంటే, నమ్ముతూనే పోయేది. ముందున్న ఆవిడ వెనక్కి తిరిగి, "అదెవరో నీలాగే ఉందే!" అంది. డౌ ఓన్ మే భుజం మీది కండువా చెంగు కళ్ళకి అడ్డం పెట్టుకుని, "నూనె పొగ," అంది. హాల్లో నూనె లేదు, పొగా లేదు.

"ఇవాళ మీకొక సంగతి చెప్తాను," అని సయాజీ మూడోసారి అందుకున్నాడు.

"ఊలే, పద్ధతి రెండుసార్లే!" అని కో వా గోల పెట్టాడు.

"మూడోసారి టీ అంగట్లో. టీ డబ్బులు నీవే," అని ఊ సాన్ ఫే వేదిక ఎక్కి సయాజీ చెయ్యి పట్టుకున్నాడు. హాలంతా నవ్వుతూ లేచి మొక్కింది.

మధ్యాహ్నం ఇంటికి నడుస్తూ డౌ ఓన్ మే మూడేళ్ళ కిందటి ఆ నెలని మనసులో రెండోసారి చదువుకుంటోంది. వానలు మొదలయ్యాయి. సొరకాయలు చవక. అరుగు మీద జనం. సయాజీ పచ్చట్ట పుస్తకంతో బయటికొస్తున్నాడు. అప్పుడు మూకుడు దగ్గర్నుంచి ఒక ఆడగొంతు గట్టిగా అంది: "అదేంటి సయాజీ, అదే పుస్తకం మొన్న తీసుకెళ్ళారు, అటుమొన్న తీసుకెళ్ళారు! మర్చిపోయారా ఏంటి?" అరుగు మీదవాళ్ళందరూ నవ్వారు. సయాజీ పుస్తకం కేసి చూసుకున్నాడు. దాన్ని మెల్లగా గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయాడు. పది రోజులు రాలేదు. పదకొండో రోజు బోర్డు వెలిసింది.

ఆ ఆడగొంతు ఆవిడదే.

"కో సాన్ ఫే," అంది నడవడం ఆపి. "ఆ బోర్డు సయాజీ కోసమా?"

ఆయన దొరికిపోయిన దొంగలా చెవి గోక్కున్నాడు. "ఊరంతా ఒకే పుస్తకం మళ్ళీ మళ్ళీ పట్టుకెళ్తుంటే ఆయన్ని ఎవరు వేలెత్తి చూపిస్తారు? బోర్డు కట్టి, నేనే వాళ్ళింటికెళ్ళాను. 'రెండోసారి చదవాలి సయాజీ, కొత్త పద్ధతి,' అన్నాను. 'మంచి పద్ధతి' అని చొక్కా వేసుకుని వచ్చాడు."

"మరి నాకెందుకు చెప్పలేదయ్యా? మూడేళ్ళు! మూడేళ్ళుగా నిన్ను తిడుతూనే ఉన్నాను!"

"చెప్తే ఆ రోజు ఎవరన్నారో కూడా గుర్తొస్తుంది కదా. తర్వాత నువ్వు వారం రోజులు బజ్జీలు మాడుస్తావు. నాకు మాడినవి పడవు."

డౌ ఓన్ మేకి ఏడుపు రావాల్సింది, కోపం వచ్చింది. ఇలాంటి మొగుణ్ణి ఏం చేసుకోవాలో ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు. "అయితే ఆ అన్నగారు, ఆ కొవ్వొత్తి, ఆ దురియన్ పండు, అదంతా నాటకమేనా?"

"అబ్బే!" ఊ సాన్ ఫే మొహం వెలిగిపోయింది. "మొదట నాటకమే. జనం నమ్మాలని నేనూ రెండోసారి చదవడం మొదలెట్టాను. తీరా చూస్తే ఏముంది? యాభై ఏళ్ళుగా చదివిందంతా తప్పే! మనిషన్నవాడు ఒక్కసారి చదివి ఎలా ఊరుకుంటాడే? నాకిప్పటికీ అర్థం కాదు."

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి కో జో లట్ బండితో వచ్చాడు. ఖాళీ గోనెసంచులు కూడా తెచ్చుకున్నాడు. "డౌడౌ, పుస్తకాలు ఎత్తించమంటావా?"

డౌ ఓన్ మే జవాబు చెప్పేలోపు సయాజీ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, పచ్చట్ట పుస్తకం. "ఇవాళ ఏం వేయిస్తున్నావమ్మాయ్?"

"సొరకాయ, సయాజీ."

"మంచిది," అని లోపలికెళ్ళాడు. ఈసారి ఆవిడ మొదటిసారిగా పీట అటు తిప్పుకుని, మొహం షాపు వైపు పెట్టి చూసింది.

"ఇది నేను చదివినట్టుందే సాన్ ఫే?"

"చదివారు సయాజీ. అందుకే ఇస్తున్నా. రెండోసారి."

"అవునవును, నీ పద్ధతి." సయాజీ పుస్తకం చంకలో పెట్టుకుని బయటికొచ్చాడు. గుమ్మం దాటి, అటూ ఇటూ చూసి, డౌ ఓన్ మే చెవి దగ్గరికి వంగాడు.

"అమ్మాయ్, ఒక మాట. ఎవరితోనూ అనకు. మీ ఆయనకి కాస్త మతిమరుపు వచ్చింది."

డౌ ఓన్ మే గరిట పక్కన పెట్టేసింది.

"రోజూ ఈ పుస్తకమే ఇస్తాడు. ఇచ్చిన సంగతి గుర్తుండదు పాపం. 'రెండోసారి, రెండోసారి' అని సర్దుకుంటాడు. చిన్నప్పుడు చురుకైన కుర్రాడు, ఎలా చెప్పను? చెప్తే చిన్నబుచ్చుకుంటాడు. అందుకే నేనూ పట్టుకెళ్తున్నాను." బండి కేసీ గోనెసంచుల కేసీ చూశాడు. "షాపు ఎత్తేస్తున్నారా ఏంటి? వద్దమ్మాయ్. ఈ ఒక్క షాపు ఉండబట్టే వాడు ఏదో నెట్టుకొస్తున్నాడు. కాస్త ఓపిక పట్టు."

"పడతాను సయాజీ," అంది డౌ ఓన్ మే. నవ్వు ఆపుకోవడానికి ఆవిడ పెదవి కొరుక్కోవాల్సి వచ్చింది. నాలుగు బజ్జీలు పొట్లం కట్టి ఆయన చేతిలో పెట్టింది. సయాజీ పొట్లం ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. ఒక్క క్షణం ఆవిడ మొహంలోకి తేరిపార చూశాడు. ఏదో గుర్తొస్తున్నట్టే వచ్చింది, మళ్ళీ పోయింది. "మంచిది," అని వెళ్ళిపోయాడు.

"డౌడౌ, ఎండ ఎక్కుతోంది," అని గుర్తుచేశాడు కో జో లట్. "పుస్తకాలు..."

"ఇస్తా," అంది ఆవిడ. లోపలికెళ్ళి హత్యల నవల ఒకటి తెచ్చి అతని చేతిలో పెట్టింది. "ముందు ఇది పట్టుకెళ్ళు."

"ఒక్కటేనా? ఇది నేను చదివేశాను డౌడౌ!"

"శవం పక్కన ఏ పండు పడి ఉంది?"

కో జో లట్ తెల్లమొహం వేశాడు. లోపలినుంచి ఊ సాన్ ఫే కుర్చీ కిర్రుమంది. డౌ ఓన్ మే పీట మళ్ళీ వీధి వైపు తిప్పుకుని, తర్వాతి పొట్లం కోసం ఓ కాగితం తీసింది. బజ్జీలు పెట్టబోతూ ఆగి, దాన్ని ఓసారి చదివింది, తిప్పి వెనకవైపు కూడా చదివింది. మూకుట్లో ఉన్నవి కాస్త మాడాయి.